రేవుకి దారి అడగడం

కార్తీకమాసం వెళ్ళిన మర్నాడు మా పెద్దమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి తలస్నానం చేసి, అరటి డొప్పల్లో ఆవునేతి ఒత్తులు సర్దుకుని నన్ను లేపేది. పోలిపాడ్యమి. పామర్రులో మా ఇంటి నుంచి పుల్లేరు కాలువ రేవుకి పది నిమిషాల నడక. చీకట్లో మెట్లు కనపడవు. అయినా ఆవిడ పాదం ఎక్కడా తడబడేది కాదు. "ఐదో మెట్టు అంచు విరిగింది, కుడిపక్కగా దిగు" అని నాకు చెబుతూ దిగేది. రేవు నిండా ఆడవాళ్ళు. ఒక్కో దీపం నీళ్ళమీద కదిలి, ముందు వెళ్ళినదాని వెనకే వరుసగా కాలువ మలుపు దాకా సాగేది.

ఒక ఏడు మేం వెళ్ళేసరికి రేవుకి దిగే సందు మొదట్లో రాతి స్తంభాలు పాతి ముళ్ళతీగ కట్టేసి ఉంది. తీగ కొత్తది, టార్చిలైటు వెలుతురుకి మెరుస్తోంది. మాతోపాటు వచ్చిన నలుగురైదుగురు ఆడవాళ్ళు కాసేపు అక్కడే నిలబడ్డారు. ఎవరు వేశారో అందరికీ తెలుసు, ఒక్కరూ పేరెత్తలేదు. పెద్దమ్మ దీపాలు ఇంటికి తెచ్చి, తులసికోట దగ్గర ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో వదిలింది. "పోన్లేరా, ఎక్కడైతేనేం" అంది. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్ళయింది. అర్జీ రాయడం తెలుసు, ఆఫీసుల గుమ్మాలు తెలుసు. నేను కూడా పోన్లే అనుకున్నాను. అలా ఆరేళ్ళు అనుకున్నాను.

ఈ పుస్తకంలో ఇంతవరకూ ఇంట్లో, ఉద్యోగంలో నోరు తెరిచి అడగడం గురించి మాట్లాడుకున్నాం. జీతం పెంచమని అడిగేటప్పుడు, నా కష్టానికి ప్రతిఫలం అన్న పట్టుదల లోపల ఉంటుంది. ఊరి రేవు గురించి అడగబోతే మాత్రం లోపల్నుంచి వేరే గొంతు లేస్తుంది. "ఊళ్ళో ఎవరికీ పట్టనిది నీకెందుకు? నువ్వొక్కడివి అడిగితే అవుతుందా?" ఈ గొంతుని చాలామందిలో విన్నాను, నాలో ఇంకా ఎక్కువ విన్నాను. ధైర్యవచనాలు దాని నోరు మూయించలేవు. చేతికి ఒక చిన్న పని ఇస్తే మాత్రం దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ పనులేమిటో నాకు తెలిసినంతలో చెబుతాను.

గట్టు ఎందుకు, కుళాయి ఉందిగా

కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి నది కన్నా ముందు పరిచయమయ్యేది కాలువ. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ నీళ్ళు మన ఊళ్ళ మధ్యకి వచ్చాయి. 1952లో ఆనకట్టకి గండి పడితే, దాని స్థానంలో 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ కట్టారు. అది 1957లో వాడకంలోకి వచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నగరాన్ని చీల్చుకునే పొలాలకి వెళ్తాయి. పొలాల కోసం తవ్వినవే అయినా, వీటి గట్లమీద ఒక బతుకంతా నడిచింది. ధాన్యం పడవల్లో వెళ్ళింది, పెళ్ళివారు పడవల్లో వెళ్ళారు. 1930లలో పెదపాలెం కేంద్రంగా పాతూరి నాగభూషణం గారు ఏకంగా పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకం కాలువ మీద ఊరికి వచ్చేది, మనిషి గట్టుకి వెళ్ళి తీసుకోవాలి. కాలువ గట్టు మనకి గుడి అరుగులాంటిది, రచ్చబండలాంటిది అని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి గుర్తు దొరకలేదు.

ఇప్పుడు పడవలు లేవు, ఇంటికో కుళాయి ఉంది, రేవు ఎవరికి కావాలి అని అడిగేవాళ్ళున్నారు. ఒక్కరోజు తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా ఏ రేవులోనైనా కూర్చుని చూడండి. బట్టలుతికేవాళ్ళు, గేదెల్ని దింపేవాళ్ళు, వలవేసే ముసలాయన, పదోరోజు కర్మ చేసుకోవడానికి వచ్చిన కుటుంబం, వినాయకుణ్ణి మోసుకొచ్చిన పిల్లలు, ఉక్కపోతకి గాలి కోసం వచ్చి కూర్చున్న ఒంటిగది ఇంటివాళ్ళు. డబ్బున్నవాడికి గాలి ఏసీలో దొరుకుతుంది, లేనివాడికి కాలువ గట్టుమీద దొరుకుతుంది.

ఇంకో సంగతి ఉంది, నన్నడిగితే అన్నిటికన్నా పెద్దది అదే. జనం రాకపోకలున్న గట్టుని జనమే చూసుకుంటారు. మట్టి కుంగితే, ఎవరో రాత్రికి రాత్రి రాళ్ళు దింపితే, గుర్రపుడెక్క అల్లుకుని నీరు పారకపోతే మొదట కనిపెట్టేది రోజూ అటు నడిచే మనిషి. దారి మూసుకుపోయిన గట్టుమీద ఏం జరిగినా వరద వచ్చేదాకా తెలియదు. 2024 సెప్టెంబరు మొదటివారం విజయవాడ చుట్టుపక్కలవాళ్ళు మర్చిపోరు. 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, అంత ఎప్పుడూ లేదు. అదే సమయంలో బుడమేరు గట్టుకి గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ వాన అసాధారణమైనదే. కానీ బుడమేరు ఇరుకైపోవడం ఆ ఒక్క రాత్రి జరిగింది కాదు. ఏళ్ళ తరబడి, మూరకి మూర, ఎవరూ చూడనప్పుడు జరిగింది. ఆ వారం నేను సింగ్‌నగర్‌లో మా బంధువుల ఇంటికి పాలప్యాకెట్లు మోసుకెళ్తూ మా ఊరి ముళ్ళతీగని తలుచుకున్నాను.

అందరిదీ అన్నమాట

"కాలువ అందరిదీ" అనడం తేలిక. ఆ 'అందరూ' ఎవరో విడిగా అడిగి చూస్తే గొంతు పట్టేస్తుంది. మన ఊళ్ళలో ఒకప్పుడు ఏ కులం ఏ రేవులో దిగాలో లెక్క ఉండేది. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులమీద జరిగిన హత్యాకాండ తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ తర్వాత జరిగిందే. తాము తాగే నీళ్ళు పాడుచేయొద్దని ఒక దళిత స్త్రీ అడిగింది. అడగడానికి పెట్టాల్సిన వెల అందరికీ ఒకలా ఉండదు. మీరు నిర్భయంగా అడగగలిగిన మనిషైతే, ఆ వెసులుబాటు మీకు ఎక్కడ నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించుకోండి. అది లేనివాళ్ళ పక్కన నిలబడటానికే దాన్ని వాడండి.

ఇందులోనే ఇంకో ముడి ఉంది. నగరంలో 'సుందరీకరణ' అన్న మాట వినగానే మనకి పచ్చిక, దీపాలు, నడకదారి కళ్ళముందు కదులుతాయి. గట్టుమీద గుడిసెలో ఉన్నవాళ్ళకి మాత్రం జేసీబీ కదులుతుంది. విజయవాడ కాలువ గట్లమీది నుంచి కదిలించిన కుటుంబాల్లో ఎంతోమందికి సింగ్‌నగర్, జక్కంపూడి వైపు ఇళ్ళిచ్చారు. పనికి దూరమై, నీటి అంచుకి దూరమై వెళ్ళారు. 2024లో సింగ్‌నగర్ వైపు నీళ్ళే వాళ్ళని వెతుక్కుంటూ వచ్చాయి. అందుకని గట్టు గురించి అడిగేటప్పుడు మొదటి గురి గుడిసె కాకూడదు. ఆక్రమణ తీసేయమని అర్జీ రాసేముందు, అక్కడ బతికేవాళ్ళని ఎక్కడికి, ఎంత దూరం, ఎవర్నడిగి పంపుతారో కూడా అదే కాగితంలో అడగండి. ఆ వాక్యం రాయలేకపోతే అర్జీ ఇంకా పూర్తికాలేదనుకోండి.

ముందు నడవండి

ఆరేళ్ళ 'పోన్లే' తర్వాత నేను మొదట చేసిన పని ఎవర్నో కలవడం కాదు, నడవడం. వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొనుక్కుని, సెలవురోజుల్లో మూడుపూటలా గట్టుమీద నడిచాను. ఒక పేజీ ఇలా ఉంది: "ఉదయం 5.40. ఉతికేవాళ్ళు ఏడుగురు, అందులో ఆడవాళ్ళు ఐదుగురు. బట్టల మూటలున్న రిక్షాబండి ఒకటి, సందు మూసి ఉండటంవల్ల రోడ్డుమీదే ఆపి మూటలు మోసుకొస్తున్నారు. 6.15. గేదెలు నాలుగు. 6.30. బడిపిల్లలు ముగ్గురు, ఈత. సాయంత్రం 6.00. మగవాళ్ళు పదిమంది దాకా, ఆడవాళ్ళు ఎవరూ లేరు. లైటు లేదు." ఆ చివరి రెండు వాక్యాలు రాసేదాకా, సాయంత్రం గట్టుమీద ఆడవాళ్ళు ఉండరన్న సంగతి నేనే గమనించలేదు. దారి తెరిచి ఉన్నా, వెలుతురు లేకపోతే సగం ఊరికి అది మూసినట్టే.

నడిచేటప్పుడు ఒక్కరే వెళ్ళకండి. రేవు వాడేవాళ్ళలో ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. నాతో వచ్చిన చాకలి పెద్దాయన "ఇక్కడ బండి దిగే జారుడు ఉండేది బాబూ, మన్ను పోసి పూడ్చారు" అని చూపించాడు. అది నా కంటికి మామూలు గట్టులాగే ఉంది. ఆయన కర్రతో కాస్త గోకితే కింద రాతిపరుపు తగిలింది. అలాంటి ముసలివాళ్ళు వెళ్ళిపోయేలోపే ఈ నడకలు నడవాలి. అందుకే 'తీరిక దొరికినప్పుడు' అని వాయిదా వేయొద్దంటాను.

విజయవాడలో ఉండేవాళ్ళు ఇదే పని కృష్ణలంకలో చేసి చూడండి. అక్కడి వరద రక్షణగోడ 2024 వరదలో వేల ఇళ్ళని కాపాడింది, దాని విలువ తక్కువ చేసి మాట్లాడను. ఆ ఏడు మార్చిలోనే గోడ పక్కన కృష్ణమ్మ జలవిహార్ పేరుతో పార్కు కూడా తెరిచారు. గోడ వెంట నడుస్తూ చూడండి. నీళ్ళ దాకా దిగే మెట్లు ఎంతెంత దూరానికి ఉన్నాయి? చక్రాలకుర్చీ వెళ్ళే వాలుదారి ఉందా? మరుగుదొడ్డి ఎక్కడ? ఉతికేవాళ్ళకి, వలవేసేవాళ్ళకి చోటెక్కడ? గేటుకి తాళం ఎప్పుడు వేస్తారు? గోడ కట్టాలా వద్దా అన్నది ఇంజనీరు చెప్పాలి. గోడలో తలుపు ఎక్కడ పెట్టాలో అక్కడ బతికే మనిషే చెప్పగలడు. ప్లాను గీసే బల్లదగ్గర ఆ మనిషి లేకపోతే తలుపు మర్చిపోతారు.

కాగితం చెప్పే మాట

నడక తర్వాత కాగితం. ఎక్కువమంది ఇక్కడే బెదిరిపోతారు. రెవెన్యూ భాష కొత్తగా ఉంటుంది కానీ మనకి కావలసింది అందులో నాలుగైదు మాటలే. గ్రామ నక్షా ఊరంతటి పటం. ఎఫ్‌ఎంబీ ఒక్కో సర్వే నంబరుకి కొలతలతో గీసిన చిత్రం. ఆర్‌ఎస్‌ఆర్ ఆ నంబరు మొదట్లో ఏ రకం భూమిగా రాశారో చెప్పే రిజిస్టరు. అందులో కాలువ పోరంబోకు, చెరువు పోరంబోకు, పుంత, డొంక అని కనిపిస్తే అది ఎవరి సొంతమూ కాదని అర్థం. రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితాని 22-ఏ అంటారు, మీ నంబరు అందులో ఉందో లేదో కూడా చూడండి. కట్టడాల విషయానికి వస్తే, 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు పెద్ద కాలువ హద్దు నుంచి 9 మీటర్లు ఖాళీగా వదలమన్నాయి. నిబంధనలు సవరిస్తూ ఉంటారు కాబట్టి మీరు అడిగేనాటి ప్రతి తీసుకోండి.

కాగితంమీది ఒక చిన్న మాటకి ఎంత బలం ఉంటుందో చెప్పడానికి అమెరికాలోని షికాగో కథ ఒకటి ఉంది. 1836లో అక్కడ కాలువ తవ్వకం అధికారులే ఊరి పటం గీస్తూ, సరస్సు ఒడ్డునున్న ఖాళీస్థలంమీద ఇది అందరిదీ, ఎప్పటికీ కట్టడాలు రాకూడదు అని రాశారు. యాభై ఏళ్ళ తర్వాత ఆ చోట ఒక్కొక్కటే భవనాలు లేవబోతుంటే, మాంట్‌గామరీ వార్డ్ అనే వర్తకుడు ఆ పటం పట్టుకుని 1890లో కోర్టుకెళ్ళాడు. ఇరవై ఏళ్ళు వదల్లేదు. పెద్దమనుషులకి, పత్రికలకి కూడా చెడ్డవాడయ్యాడు. ఇవాళ షికాగోలో సరస్సు ఒడ్డున అంత పెద్ద పార్కు మిగిలిందంటే ఆ పటంమీది మాటా, దాన్ని చదివిన ఆ మనిషే కారణం.

మన పటాలమీద కూడా అలాంటి మాటలు ఉన్నాయి. అవి అక్కడ అలాగే ఉండేట్టు చూసుకోవడం మన వంతు. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే మొదలై ఊరూరా నడిచింది. సర్వే రోజున పొలం గట్టుమీద ఎవరెవరు నిలబడతారో మీరు చూసే ఉంటారు. ఈ పొలం రైతు ఇటు, ఆ పొలం రైతు అటు. ఇద్దరూ తమ హద్దు రాయి చూపిస్తారు. కాలువకి హద్దు చూపించేదెవరు? కాలువ మాట్లాడదు. దాని తరఫున రావాల్సిన ఉద్యోగికి ఇంకా ఎన్నో ఊళ్ళుంటాయి. ఆ పూట సెలవుపెట్టి కాలువ పక్కన నిలబడే మనిషి ఊరికి ఒక్కరు చాలు. ఏమీ వాదించక్కర్లేదు. "ఇక్కడి నుంచి అక్కడి దాకా రేవు దారి, ఎఫ్‌ఎంబీలో ఉంది, కొలవండి" అంటే సరిపోతుంది. మీ ఊళ్ళో సర్వే అయిపోయి ఉంటే, కొత్త పటం తెచ్చుకుని పాతదాని పక్కన పెట్టి కాలువ వెడల్పు పోల్చి చూడండి.

కాగితాలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పొరపాటున వేరే ఆఫీసుకి పెట్టినా, ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపడం వాళ్ళ బాధ్యత. జవాబు రాకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ చట్టంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. కాగితాలే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, సిమెంటూ ఇసకల నమూనా తీసుకోవడానికి కూడా అడగొచ్చు.

అడిగే తీరు ముఖ్యం. "కాలువ గట్టు ఎందుకు ఆక్రమించారు?" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే ఆ ప్రశ్నకి ఆఫీసులో కాగితం ఉండదు. నేను రెండోసారి రాసింది ఇది: "ఫలానా సర్వే నంబరు కాలువ పోరంబోకుకి సంబంధించి, 1) ఎఫ్‌ఎంబీ నకలు, 2) ఈ స్థలంలో ఎవరికైనా లీజు లేదా అనుమతి ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు నకలు, 3) ఇవ్వకపోతే ఇవ్వలేదని లిఖితపూర్వకంగా." నా పని పూర్తిచేసింది ఆ మూడోదే. అనుమతి ఇవ్వలేదని రాతపూర్వకంగా వచ్చిన ఒక్క వాక్యం, ముళ్ళతీగ దగ్గర ఎవరూ ఎత్తని పేరుతో పనిలేకుండా చేసింది.

పెన్సిలు చేతిలో ఉండగానే

తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల కథ ప్రతి ఊరివాళ్ళూ తెలుసుకోవాలి. ఆ చెరువు భూముల్ని ఇళ్ళ కోసం కేటాయిస్తే, ఊరి విద్యావంతుల వేదిక ఒకటి హైకోర్టుకి, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చెరువుల్లాంటి సహజ సంపదకి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని కోర్టు గట్టిగా చెప్పింది. ఆ మాట ఇవాళ్టికీ దేశమంతా వాడుకుంటోంది. కానీ అప్పటికే చాలా కట్టడాలు లేచిపోయాయి. లేచినవాటిని కూల్చమని కోర్టు అనలేదు, షరతులు పెట్టింది. సూత్రం గెలిచింది, చెరువులో చాలా భాగం తిరిగి రాలేదు. ఆ తీర్పు గుర్తొచ్చినప్పుడల్లా నా ఆరేళ్ళు గుర్తొస్తాయి.

ముసాయిదా అన్న మాట ఎక్కడ కనిపించినా లేచి కూర్చోండి. మాస్టర్ ప్లానుకి ముసాయిదా ఉంటుంది, అభ్యంతరాలకి గడువు ఉంటుంది. గడువు లోపల సర్వే నంబరు వేసి రాసిన అర పేజీ, శంకుస్థాపన తర్వాత చేసే ధర్నా కన్నా బలమైనది. పర్యావరణ అనుమతి కావలసిన పెద్ద ప్రాజెక్టు అయితే ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. ముప్పై రోజుల ముందు పత్రికలో ప్రకటన వేయాలి, సభని వీడియో తీయాలి, చివర్లో మినిట్స్ తెలుగులో అక్కడే చదివి వినిపించాలి. కోరం లేదు కాబట్టి పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. వెళ్ళకపోవడం నిరసన కిందికి రాదు, వెళ్ళకపోతే ఊరు ఒప్పుకున్నట్టే రాసుకుంటారు.

డబ్బు గేటు కూడా ఇలాంటిదే, మొదటి రోజుల్లోనే అడగాలి. 2023 జులైలో విశాఖ రుషికొండ తీరానికి మనిషికి 20 రూపాయల ప్రవేశ రుసుం ప్రకటించారు. జనం, పార్టీలు వెంటనే గట్టిగా అడగడంతో వెనక్కి తీసుకున్నారు. ఇరవై రూపాయలు ఎంతలే అనిపిస్తుంది. నలుగురున్న కూలీ కుటుంబానికి అది ఎనభై, రానూపోనూ బస్సు ఛార్జీలు అదనం. ఆదివారం సాయంత్రం వాళ్ళు సముద్రం చూడాలా మానాలా అన్నది అక్కడే తేలిపోతుంది.

సభలో రెండు నిమిషాలు

మా ఊరి గ్రామసభ బడి వరండాలో జరిగింది. ఓటు ఉన్న ప్రతివాళ్ళూ గ్రామసభలో సభ్యులే, ఎవరి పిలుపూ అక్కర్లేదు. నగరంలో ఉన్నవాళ్ళకి వార్డు సచివాలయం ఉంది, అక్కడ ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు. కలెక్టరేటులో సోమవారం అర్జీల రోజు. కాలువలకైతే నీటి సంఘాలున్నాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు కూడా జరిగాయి. కాకపోతే అక్కడ ఓటు ఆయకట్టు రైతులది. ఉతికేవాళ్ళకి, వలవేసేవాళ్ళకి లేదు. కాబట్టి వాళ్ళ మాట మోసుకెళ్ళే రైతు ఒకరు కావాలి.

లేచి నిలబడగానే నా గొంతు వణికింది. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషికి, రోజూ నలుగురితో మాట్లాడే ఉద్యోగం చేసేవాడికి! సొంత ఊరివాళ్ళ ముందు, పేరుతో పిలిచే బాబాయిల ముందు, అన్నయ్యల ముందు నిలబడటం వేరు. కాబట్టి మీకు వణుకు వస్తే ఆశ్చర్యపోకండి. పోస్టుకార్డంత కాగితంమీద మూడు వాక్యాలు రాసుకెళ్ళండి. మొదటి వాక్యం మాత్రం కంఠస్థం చేయండి, అది దాటితే మిగతావి వస్తాయి. మొదటిది చోటు, రెండోది అక్కడ ఎవరు ఏం పని చేసుకుంటారో, మూడోది మీకు కావలసింది ఒకే ఒక్కటి. ఎవరి పేరూ ఎత్తొద్దు. పేరెత్తిన మరుక్షణం సభ రెండు పార్టీలైపోతుంది, రేవు ఎవరికీ గుర్తుండదు.

ఇంత చెబుతున్నాను కానీ ఆ రోజు సభని కదిలించింది నా మూడు వాక్యాలు కాదు. వెనక వరసలోంచి బట్టలుతికే ఒక అమ్మ లేచింది. ఎప్పుడూ సభలో మాట్లాడని మనిషి. "అయ్యా, నా మొగుడు పోయాక ఈ రేవుమీదే ఇద్దరు పిల్లల్ని చదివించాను. మూటలు తలమీద మోసి మెడ పడిపోయింది. బండి దిగే దారి ఇయ్యండి. కంచె ఎవరిదో నాకక్కర్లేదు" అంది. వరండాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కంచె వేసిన ఆయన తరఫువాళ్ళలోంచే ఒక పెద్దాయన "కొలిపిద్దాం లేమ్మా" అన్నాడు.

అప్పుడు చేయాల్సిన పని మర్చిపోవద్దు. చప్పట్లు కొట్టి ఇంటికి రావద్దు. తీర్మానాల పుస్తకంలో ఆ మాట ఎక్కేదాకా కదలకండి. "సర్వే నంబరుతో రాయండి, చదివి వినిపించండి" అని మర్యాదగా అడగండి. నకలు తీసుకోండి. నేను ఆ సాయంత్రం చీకటిపడేదాకా కూర్చున్నాను. కార్యదర్శి గారు విసుక్కోకుండా రాసి చదివారు.

కొలతల్లో రేవుకి దిగే పుంత ఎనిమిది అడుగులని తేలింది. కంచె వెనక్కి జరిగింది, పూర్తిగా కాదు. ఒక మూల స్తంభం ఇంకా లోపలికే ఉంది, దానిమీద అర్జీ నడుస్తోంది. బండి దిగుతుంది. లైటు ఒకటి పెట్టారు. సాయంత్రాలు ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చోవడం మొదలైంది. ఆ ఏడు పోలిపాడ్యమికి పెద్దమ్మని రిక్షాలో తీసుకెళ్ళాం, మెట్లు దిగలేకపోయింది. పై మెట్టుమీద కూర్చుని, నా చేతికి డొప్ప ఇచ్చి "కుడిపక్కగా దిగు" అంది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే వేసవి మంచి అదును. కాలువలు కట్టేశాక నీరు తగ్గి, ఏడాదంతా మునిగి ఉన్న పాత మెట్లు, రాతిపరుపులు, పూడ్చేసిన జారుళ్ళు బయటపడతాయి. కాలువ మరమ్మతు పనులూ అప్పుడే జరుగుతాయి కాబట్టి ఏఈ గారు, మేస్త్రీలు గట్టుమీదే దొరుకుతారు. ఎండెక్కకముందే వెళ్ళండి. జారని చెప్పులు వేసుకోండి. నోటుబుక్కు, కొలత టేపు, రేవు తెలిసిన ముసలివాళ్ళు ఒకరు వెంట ఉంటే చాలు. మెట్లు లెక్కపెట్టి రాసుకోండి. మా రేవుకి పదకొండున్నాయి, అందులో ఐదోదానికి అంచు కట్టించమని పెట్టిన అర్జీ గురించి ఈ సోమవారం మళ్ళీ వెళ్ళాలి.